నేరపరిశోధనలో మనస్సు: ఒక శాస్త్రము, ఒక పరీక్ష

ఒక ఉపాధ్యాయుడు నల్లబల్లపై 2, 4, 6 అని వ్రాసి, "ఈ మూడు సంఖ్యలు ఒక నియమమును అనుసరించుచున్నవి. ఆ నియమమేదో కనుగొనుడు. మీకు తోచిన మూడేసి సంఖ్యలు చెప్పుచుండుడు, అవి నియమమునకు సరిపోవునో లేదో చెప్పెదను" అన్నాడని ఊహింపవచ్చును. విద్యార్థి 8, 10, 12 అనును. సరిపోవును. 20, 22, 24 అనును. అదియు సరిపోవును. వెంటనే అతడు "రెండేసి చొప్పున పెరుగు సరిసంఖ్యలు" అని గట్టిగా చెప్పును. అది తప్పు. ఉపాధ్యాయుని మనస్సులోని నియమము "ఏ సంఖ్యలైనను సరే, వరుసగా పెరుగుచుండవలెను" అనునంత మాత్రమే. 1, 7, 50 అని అడిగి చూచినచో విద్యార్థికి తన తప్పు తెలిసియుండెడిది. కాని తన ఊహను కూలదోయగల సంఖ్యలను అడుగవలెనని అతనికి తోచలేదు.

ఈ పరీక్షను 1960లో ఇంగ్లండు దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పీటర్ వేసన్ ప్రచురించెను. ఆయన పరీక్షించిన 29 మంది కళాశాల విద్యార్థులలో మొదటిసారియే సరియైన సమాధానము చెప్పినవారు 6గురు మాత్రమే. తక్కినవారు తెలివితక్కువవారు కారు. తన ఊహకు అనుకూలమైన సాక్ష్యమునే వెదకుట మానవుని మనస్సునకు అలవాటు. దీనికి నిర్ధారణ పక్షపాతమని పేరు.

నల్లబల్లపై జరిగిన ఈ పొరపాటు వలన ఎవరికిని నష్టము లేదు. కాని ఊహించువాడు పోలీసు అధికారియై, ఆ ఊహ ఒక మనిషిని గూర్చినదైనప్పుడు సంగతి వేరు. న్యాయ మనస్తత్వ శాస్త్రములో ఇటీవల విస్తరించిన ఒక శాఖ ఈ ప్రశ్ననే చేపట్టినది. ప్రాణములు, స్వేచ్ఛ, పరువు పణముగా నున్న వేళ పరిశోధకుడు ఏ విధముగా నిర్ణయించును? ఎందుకు పొరపడును? ఈ శాస్త్రము ఎంతవరకు నమ్మదగినది, ఎచ్చట ఆగిపోవుచున్నది అను విషయమును పుస్తకములలో కంటె హైదరాబాదు చెంతనే జరిగిన ఒక ఉదంతముపై పరీక్షించుట మేలు.

శాస్త్రము చెప్పునది

వేలిముద్ర తిరుగులేని సాక్ష్యమని లోకములో నమ్మకము కలదు. 2004 మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు ప్రేలినవి. అచ్చట దొరికిన ఒక సంచిపై నున్న వేలిముద్ర అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రపు న్యాయవాది ఒకనిదేనని ఎఫ్.బి.ఐ. నిపుణులు నిశ్చయించిరి. స్పెయిన్ పోలీసులు తమకు అట్లు తోచలేదని ఏప్రిల్‌లోనే తెలిపినను ఆ నిశ్చయము చలింపలేదు. మే నెలలో ఆ న్యాయవాదిని నిర్బంధించిరి. తుదకు ఆ ముద్ర అల్జీరియా దేశస్థుడైన మరియొకనిదని తేలెను. అమెరికా ప్రభుత్వము క్షమాపణ చెప్పి, 2006లో 20 లక్షల డాలర్ల పరిహారమిచ్చెను.

ఈ ఉదంతమును ఆధారము చేసికొని ఇటియెల్ డ్రోర్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో ఒక చమత్కారమైన పరీక్ష చేసెను. అనుభవజ్ఞులైన ఐదుగురు నిపుణులకు, పూర్వము వారే "కలియుచున్నవి" అని తీర్పు చెప్పిన ముద్రలను మరల ఇచ్చెను. అవి తమ పాత ముద్రలేనని వారికి తెలియదు. ఇవి మాడ్రిడ్ కేసులో పొరపాటుగా కలిపిన ముద్రలని మాత్రము చెప్పిరి. ఐదుగురిలో నలుగురు తమ పూర్వపు తీర్పును మార్చుకొనిరి. ముద్ర మారలేదు, దానితోపాటు చెప్పిన కథ మాత్రమే మారినది. 2006లో వెలువడిన ఈ ఫలితము ప్రపంచములోని వేలిముద్రల కార్యాలయములను కలవరపరచెను.

మరికొన్ని ఫలితములు గమనింపదగినవి. అమెరికాలో బార్బరా ఓబ్రయన్ ఒక కేసు ఫైలును చదువుమని ఇచ్చి, కొందరిని నడుమ ఆపి, అనుమానితుడెవడో అప్పుడే చెప్పుమనెను. ముందుగా పేరు చెప్పినవారు తరువాతి సాక్ష్యమునంతయు ఆ పేరునకు అనుకూలముగా చదివిరి. "మీ ఊహ ఎందుచేత తప్పు కావచ్చునో వ్రాయుడు" అని అడిగినప్పుడు మాత్రము ఆ మొగ్గు తగ్గినది. స్వీడన్‌లో కార్ల్ ఆస్క్, పేర్ అండర్స్ గ్రాన్‌హాగ్ అనువారు అసలైన నేరపరిశోధకులనే పరీక్షించి 2007లో తెలిపినదేమనగా, విచారములో నున్న అధికారి సాక్షి మాటలు కేసుతో పొసగుచున్నవో లేదో పరిశీలించును. కోపములో నున్న అధికారికి ఆ తేడా అంతగా పట్టదు. ఇంగ్లండులో లారెన్స్ ఆలిసన్ బృందము మరియొక దోషమును చూపినది. ఎదుట నున్న దారులన్నియు చెడ్డవిగా కనిపించినప్పుడు అధికారి వానిని తూచుచునే యుండి, దేనిని చేపట్టకయే కాలము గడపును. దీనిని నిర్ణయ జడత్వమందురు.

తొమ్మిది దినములు

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనమును 1998లో ప్రారంభించిరి. ఆ తరువాత మాదాపూరు, గచ్చిబౌలి పరిసరములలో పెరిగిన కొత్త నగరమునకు సైబరాబాద్ అను పేరు స్థిరపడినది. ఆ పేరుతోనే ప్రత్యేక పోలీసు కమిషనరేటు ఏర్పడినది. గచ్చిబౌలి నుండి శంషాబాదు విమానాశ్రయము వైపు పోవు అవుటర్ రింగ్ రోడ్డు ఈ కొత్త నగరమునకు వెన్నెముక వంటిది. 2019 నాటికి శంషాబాదు కూడ ఈ కమిషనరేటు పరిధిలోనిదే.

2019 నవంబరు 27 రాత్రి, గచ్చిబౌలికి వెళ్లి తిరిగి వచ్చిన ఒక యువ పశువైద్యురాలు శంషాబాదు చెంత తొండుపల్లి టోల్‌గేటు వద్ద అత్యాచారమునకు, హత్యకు గురియయ్యెను. మరునాటి ఉదయము షాద్‌నగరు సమీపమున చటాన్‌పల్లి వంతెన క్రింద కాలిన దేహము దొరికినది. 29వ తేదీన నలుగురిని అరెస్టు చేసినట్లు పోలీసులు ప్రకటించిరి. దేశమంతట ఆగ్రహము పెల్లుబికెను. షాద్‌నగరు పోలీసుస్టేషను ముందు జనము గుమిగూడి నిందితులను తమకు అప్పగింపుమనిరి. రాజ్యసభలో సైతము అటువంటి మాటయే వినవచ్చెను.

డిసెంబరు 6 తెల్లవారుజామున పోలీసులు ఆ నలుగురిని చటాన్‌పల్లి వద్దకు కొనిపోయిరి. మృతురాలి వస్తువులను చూపించుటకై తీసికొని వెళ్లగా, వారు ఆయుధములు లాగుకొని, రాళ్లతో ఎదురుతిరిగిరనియు, ఆత్మరక్షణకై కాల్పులు జరుపవలసి వచ్చెననియు పోలీసుల కథనము. నలుగురును మరణించిరి. ఆ దినము జనము పోలీసులపై పూలు చల్లిరి, మిఠాయిలు పంచిరి, కళాశాల బస్సులలోని విద్యార్థినులు కేరింతలు కొట్టిరి.

డిసెంబరు 12న సుప్రీంకోర్టు, మాజీ న్యాయమూర్తి వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల విచారణ సంఘమును నియమించెను. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి రేఖా సొందూర్ బల్దోతా, సి.బి.ఐ. మాజీ డైరెక్టరు డి.ఆర్. కార్తికేయన్ తక్కిన సభ్యులు. 2022 జనవరిలో సంఘము నివేదిక సమర్పించినది. ఆ సంవత్సరమే మే 20న సుప్రీంకోర్టు దానిని బయటపెట్టి, తదుపరి చర్యకై తెలంగాణ హైకోర్టునకు పంపెను. నిందితులు ఆయుధములు లాగుకొనిరను కథనము నమ్మదగినది కాదనియు, చంపవలెనను ఉద్దేశముతోనే వారిపై కాల్పులు జరిగినవనియు, నలుగురిలో ముగ్గురు సంఘటన నాటికి పదునెనిమిది ఏండ్లు నిండనివారనియు సంఘము తేల్చినది. పదిమంది పోలీసు అధికారులను హత్యానేరముపై విచారింపవలెనని సూచించినది. ఇది విచారణ సంఘపు అభిప్రాయము. నేరనిర్ణయము న్యాయస్థానముల పని.

శాస్త్రము వెలుగు చూపిన చోట్లు

ఈ తొమ్మిది దినములలో మొదటి రాత్రిని శాస్త్రము బాగుగా వివరింపగలదు. కుమార్తె కనిపించుట లేదని కుటుంబము పోలీసుస్టేషనునకు పోగా, ఇది తమ పరిధియా, పక్క స్టేషను పరిధియా అను ప్రశ్నతో కాలము జరిగిపోయినదని ఫిర్యాదు. ఎఫ్.ఐ.ఆర్. నమోదులో జాప్యము చేసినందుకు ముగ్గురు పోలీసు ఉద్యోగులను కమిషనరు సస్పెండు చేసెను. ఆలిసన్ చెప్పిన జడత్వము ఇట్టిదే. కేసు వ్రాసినచో తప్పు పరిధిలో వ్రాసితినేమోనను భయము. వ్రాయకున్నచో ఏ నష్టమును వెంటనే కనబడదు. ఇట్టి చోట మనిషిని మందలించుట కంటె నియమమును సరళము చేయుట ఫలించును. ఏ స్టేషనులోనైనను కేసు నమోదు చేయగల జీరో ఎఫ్.ఐ.ఆర్. పద్ధతి అట్టిదే. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ పద్ధతిని చట్టములోనే చేర్చినది. పరిధి ప్రశ్నను అధికారి మనస్సు నుండి తొలగించుటయే ఇందలి కిటుకు.

రెండవది కోపము. అటువంటి ఘోరమును చూచి కోపగింపని మనిషి ఉండడు. కోపగించుట తప్పును కాదు. కాని స్వీడన్ పరీక్ష తెలుపునది ఏమనగా, న్యాయమైన కోపము కూడ పరిశీలనను మొద్దుపరచును. నిందితుల వయస్సెంత అను ప్రశ్న ఇందుకు ఉదాహరణము. 2015 నాటి బాలల న్యాయ చట్టము 94వ సెక్షను ప్రకారము, వయస్సు నిర్ణయమునకు మొట్టమొదట చూడవలసినది పాఠశాల ఇచ్చు పుట్టిన తేదీ పత్రము. అనగా ఒక పల్లెటూరి పాఠశాలలోని ప్రవేశపు రిజిస్టరులో ఒక పంక్తి. పంక్తులు ఇట్లు వేచియుండగా, దేశమంతయు శిక్షను గూర్చి మాత్రమే మాటలాడినది. సాక్ష్యము బీరువాలో ఉండుట వేరు. దానిని అడుగవలెనని తోచుట వేరు. వేసన్ పరీక్షలో 1, 7, 50 అని అడుగని విద్యార్థి వంటిదే ఈ మరపు.

మూడవది ఇంకను ముఖ్యమైనది. అనుభవముపై వచ్చు సహజజ్ఞానమును ఎప్పుడు నమ్మవచ్చును? ఈ విషయమున పరస్పర విరుద్ధ మార్గములు పట్టిన గ్యారీ క్లైన్, డానియెల్ కానెమన్ అను శాస్త్రజ్ఞులు 2009లో కలిసి ఒక వ్యాసము వ్రాసిరి. క్లైన్ అగ్నిమాపక దళపు నాయకులను పరిశీలించి, అనుభవజ్ఞుడు క్షణములో సరియైన నిర్ణయము చేయగలడని చూపినవాడు. కానెమన్ మనస్సు చేయు పొరపాట్లను బయటపెట్టినవాడు. ఇద్దరును ఏకీభవించిన అంశమిది: పరిసరములో ఒక క్రమము ఉండి, తన నిర్ణయము తప్పో ఒప్పో మనిషికి మరల మరల తెలియుచున్నప్పుడే సహజజ్ఞానము నిజమైన నైపుణ్యమగును.

నేరపరిశోధకునికి తన తప్పొప్పులు తెలియజేయునది న్యాయస్థానము. ఇబ్రహీంపట్నములోని వసతిగృహమున 2007లో జరిగిన విద్యార్థిని హత్య కేసు ఇందుకు నిదర్శనము. 2008లో ఒక యువకుని అరెస్టు చేసిరి; 2010లో విజయవాడ కోర్టు యావజ్జీవ శిక్ష విధించెను. 2017 మార్చి 31న హైదరాబాదులోని హైకోర్టు అతనిని నిర్దోషిగా విడిచిపెట్టి, లక్ష రూపాయల పరిహారమునకు ఆజ్ఞాపించెను. మరుసటి సంవత్సరము కేసును సి.బి.ఐ.కి అప్పగించిరి. ఎనిమిది ఏండ్లకు పైబడి చెరలో గడపిన కాలమును ఎవరును తిరిగి ఇయ్యలేరు. అయినను ఆ మనిషి బ్రతికియున్నాడు గనుక పొరపాటు బయటపడినది. చటాన్‌పల్లి తరువాత ఆ మార్గము మూతపడినది. అరెస్టు చేసిన నలుగురును దోషులేయని తేల్చుటకు గాని, కాదని తేల్చుటకు గాని విచారణయే జరుగలేదు. సాక్ష్యమును ఎవరును ప్రశ్నించి పరీక్షింపలేదు. విచారణ లేని మరణము నిందితులకు మాత్రమే కాక, మృతురాలి కుటుంబమునకు దక్కవలసిన నిరూపిత సత్యమునకును, పోలీసుశాఖకు దక్కవలసిన పాఠమునకును నష్టమే.

శాస్త్రము తడబడిన చోట్లు

ఇంతవరకు శాస్త్రమునకు మంచి మార్కులు ఈయవచ్చును. కాని మూడు లోపములు కనబడుచున్నవి.

మొదటిది, జరిగిన తరువాతి తెలివి. ఫలితము తెలిసిన పిమ్మట, అది ముందే తెలిసియుండవలసినదని తోచుట మానవ సహజమని బారూక్ ఫిషాఫ్ 1975లోనే చూపెను. న్యాయ మనస్తత్వ శాస్త్రము ఎక్కువగా చెడిపోయిన కేసులనే తిరుగవేయును. పరిశోధకుడు ఒకే అనుమానితునిపై దృష్టి నిలిపి తప్పిపోయినచో దానికి సొరంగ దృష్టి అని పేరు. అదే దృష్టితో నేరస్థుని పట్టుకొన్నచో ఏకాగ్రత అందురు. మాజీ పోలీసు అధికారి కిమ్ రాస్మో సంపాదకత్వమున వచ్చిన పరిశోధన వైఫల్యముల గ్రంథములోనే బ్రెంట్ స్నూక్, రిచర్డ్ కల్లెన్ అనువారు ఈ ఆక్షేపణ లేవదీసిరి. సమయము, సిబ్బంది తక్కువైనప్పుడు కొన్ని దారులను విడిచిపెట్టక తప్పదు. విడిచిన ప్రతి దారియు పక్షపాతము కాదు. ఈ హెచ్చరిక న్యాయమైనది. తప్పిన కేసులతోపాటు ఫలించిన కేసులను కూడ అదే త్రాసులో తూచినగాని ఈ శాస్త్రము పరిపూర్ణము కాజాలదు.

రెండవ లోపము మరింత లోతైనది. పొరపాటు ఒకని తలలో పుట్టునని ఈ పరీక్షలు చాల వరకు భావించును. ఒక గది, ఒక ఫైలు, ఒక అధికారి, ఒక ప్రశ్న. చటాన్‌పల్లిలో చల్లిన పూలకు ఆ గదిలో చోటు లేదు. కాని ఆ తొమ్మిది దినములలో అధికారి ఒంటరిగా ఆలోచింపలేదు. వీధి, పత్రిక, టెలివిజను, చట్టసభ అతని చుట్టును నిలిచి ఒకే సమాధానమును కోరినవి. డ్రోర్ తన తరువాతి రచనలలో సంస్థ, సంస్కృతి కలిగించు పక్షపాతములను కూడ లెక్కలోనికి తెచ్చిన మాట నిజము. ఆలిసన్ కూడ బృందముల నిర్ణయములను పరిశీలించెను. అయినను జనము మెప్పు అను బలమును ప్రయోగశాలలో కొలుచుట ఇంకను బాల్యదశలోనే కలదు. తప్పు చేసినప్పుడు నింద, ఒప్పు చేసినప్పుడు మెప్పు వచ్చుచోట అనుభవము మనిషిని సరిదిద్దును. విచారణకు ముందే మెప్పు వచ్చినచో అది దేనిని నేర్పును? ఈ ప్రశ్నకు సమాధానము హైదరాబాదు వంటి నగరములలోనే వెదకవలెను. ఇంగ్లండు, స్వీడన్ పరీక్షలు చాలవు.

మూడవ లోపము శాస్త్రములోనిది కాదు, దానిని వాడు విధానములోనిది. పోలీసుల కథనము ప్రకారము చటాన్‌పల్లి కాల్పులు ప్రాణాపాయములో క్షణకాలమున చేసిన నిర్ణయము. విచారణ సంఘపు అభిప్రాయము ప్రకారము అవి ఉద్దేశపూర్వకములు. ఈ రెండింటికి నడుమ అగాధము కలదు. నిర్ణయ శాస్త్రము పొరపాట్లను గూర్చినది. ఉద్దేశముతో చేసిన పనిని పొరపాటను పేరుతో వివరించుట శాస్త్రము కాదు; సాకు మాత్రమే. "ఒత్తిడిలో ఎవరైనను అట్లే చేయుదురు" అను మాట ఎంత సానుభూతితో చెప్పినను, మొదట తేల్చవలసిన ప్రశ్న ఒత్తిడి ఎంత అనునది కాదు. ఏమి జరిగినది అనునది. ఆ పని చేయునది సాక్ష్యము. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సాక్ష్యము తరువాతనే మాటలాడవలెను.

పద్ధతియే రక్ష

ఇన్ని లోపములున్నను ఈ శాస్త్రము ఒక విలువైన సత్యమును స్థాపించినది. పక్షపాతము చెడ్డవారి గుణము కాదు. నిపుణులకును, నిజాయితీపరులకును కలుగును. మంచివారిని నియమించినంత మాత్రమున అది పోదు. "జాగ్రత్తగా నుండుడు" అని హెచ్చరించినను అంతగా తగ్గదు. దానిని తగ్గించునది పద్ధతి: ముద్రను చూచు నిపుణునికి కేసు కథ చెప్పకుండుట, తన ఊహ ఎందుచేత తప్పు కావచ్చునో పరిశోధకుడు ఫైలులో వ్రాయుట, ఒకని తీర్పును దానితో సంబంధము లేని మరియొకడు పరిశీలించుట.

భారతీయ న్యాయవ్యవస్థ ఈ పద్ధతులను మనస్తత్వ శాస్త్రము పేరు చెప్పకయే ఎన్నడో చేపట్టినది. పోలీసు ఎదుట చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యముగా చెల్లదను నియమము 1872 నాటి సాక్ష్య చట్టములోనే ఉండెను. ఎన్‌కౌంటరు మరణములపై దర్యాప్తును ఆ ఘటనలో పాల్గొన్న పోలీసుస్టేషను వారు గాక, సి.ఐ.డి. గాని, వేరొక స్టేషను వారు గాని చేయవలెనని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించినది. పోలీసుస్టేషనులలో సి.సి. కెమెరాలు ఉండవలెనని 2020లో ఆజ్ఞాపించినది. కొందరికి ఈ నియమములు నేరస్థులపై జాలిగా, న్యాయమునకు ఆటంకముగా తోచును. నిజమునకు ఇవి 1, 7, 50 అని అడుగుటకు సమాజము చేసికొన్న ఏర్పాట్లు.

ఉన్నత పాఠశాలలోని ఉపాధ్యాయుడు ఈ పాఠమును ఒక గంటలో బోధింపవచ్చును. సుద్దముక్క, మూడు సంఖ్యలు చాలును. విద్యార్థి తన నియమమును గట్టిగా చెప్పి పొరపడిన తరువాత, "నీవు తప్పని తెలిసికొనుటకు ఏ ప్రశ్న అడిగియుండవలసినది?" అని ఒక్కమాట అడిగిన చాలును. ఆ బాలుడో బాలికయో రేపు న్యాయమూర్తియో, పోలీసు అధికారియో కావచ్చును; కాకున్నను వీధిలోని జనములో ఒకరు తప్పక అగుదురు. మరియొక తెల్లవారుజామున ఏదియో వార్త విని అందరును పూలు చేతబట్టినప్పుడు, ఆ ఒక్క ప్రశ్నను జ్ఞాపకముంచుకొన్నవారు కొందరైనను ఆ జనములో ఉండుట అవసరము.